చాక్లెట్, పల్లీల చిరుతిళ్లు: చక్కెర తీసేసిన చోట ఏం చేరుతోంది?

సూపర్‌మార్కెట్లలో చిరుతిళ్ల అరలు కొన్నేళ్లుగా మారుతూ వస్తున్నాయి. చిప్స్ ప్యాకెట్ల పక్కనే డార్క్ చాక్లెట్ పూత వేసిన పల్లీలు, ఖర్జూరంతో కట్టిన పీనట్ బటర్ బార్లు, బెల్లం చాక్లెట్లు చేరాయి. ‘చక్కెర కలపలేదు’, ‘ప్రొటీన్ అధికం’, ‘పీచు పుష్కలం’ అన్న మాటలు వాటి మీద పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. ధర మామూలు చాక్లెట్ కన్నా బాగా ఎక్కువ. వీటిని కొనేవారిలో మధుమేహం ఉన్నవారు, బరువు తగ్గాలనుకునేవారు, పిల్లలకు కాస్త మంచి తిండి పెట్టాలనుకునే తల్లిదండ్రులు ఎక్కువ. ఒక బార్ తియ్యగా ఉండి కడుపు ఉబ్బరం తెస్తుంది, ఇంకొకటి నోట్లో మైనంలా సాగుతుంది, మరొకటి చల్లగా తగిలి చివర్లో చేదెక్కుతుంది. అన్నీ ‘ఆరోగ్యకరమే’ అయినప్పుడు ఇంత తేడా ఎందుకన్నది చాలామందికి అర్థం కాని విషయం.

సంక్షిప్తంగా

ఈ చిరుతిళ్ల మంచిచెడ్డలను తేల్చేది ప్యాకెట్ ముందు పెద్దగా రాసిన పదార్థం కాదు. చక్కెర, కోకో కొవ్వు మామూలుగా చేసే పనులను వాటి బదులు ఎవరు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. ఆ బదులు వచ్చిన పదార్థం పోషకాల పట్టికలో ఎంత కనిపిస్తుందో, నాలుక మీద కూడా దాదాపు అంత స్పష్టంగా తెలుస్తుంది. పల్లీ స్వతహాగా బలమైన ఆహారం. దాన్ని బార్‌గా మార్చే క్రమంలో ఆ బలం ఎంత మిగిలిందో చూసుకోవాల్సి ఉంటుంది.

ఈ జంట ఎందుకు కుదిరింది?

చాక్లెట్‌నూ వేరుశనగనూ పెద్ద ఎత్తున కలిపినది అమెరికా పరిశ్రమ. పెన్సిల్వేనియాలో రీసెస్ పీనట్ బటర్ కప్పులు 1928లో వచ్చాయి. పల్లీలు, నూగా అనే మెత్తని చక్కెర ముద్ద, కారమెల్ మీద చాక్లెట్ పూత వేసిన స్నికర్స్ 1930లో వచ్చింది. అప్పట్లో పల్లీ చవక, చాక్లెట్ ఖరీదు. కడుపు నింపేది పల్లీ, ఆశ పుట్టించేది చాక్లెట్. ఆ లెక్క నేటికీ పెద్దగా మారలేదు.

రుచి పరంగా ఈ రెండూ కలవడానికి గట్టి కారణం ఉంది. కోకో గింజనూ పల్లీనీ వేయించినప్పుడు వాటిలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి కొత్త వాసనలను పుట్టిస్తాయి. ఆ వాసనల్లో పైరజీన్లు అనే సమ్మేళనాలు రెండింటికీ ఉమ్మడి. కాబట్టి ఒకదాని వాసన మరొకదాన్ని తోసేయదు, దానికి కొనసాగింపులా వస్తుంది. పల్లీలకు చేర్చిన చిటికెడు ఉప్పు కోకో చేదును నాలుక మీద తగ్గిస్తుంది. చేదు తగ్గితే తీపి ఎక్కువగా తెలుస్తుంది. చక్కెర తగ్గించాలనుకునే తయారీదారులకు ఇది చేతికి దొరికిన వరం. కాస్త ఉప్పు వేసిన పల్లీ ఉన్నప్పుడు, తక్కువ చక్కెర ఉన్న చాక్లెట్ కూడా నోటికి బాగానే అనిపిస్తుంది. ఆరోగ్యం పేరుతో వచ్చే చాక్లెట్ బార్లలో పల్లీ తరచుగా కనిపించడానికి ధర ఒక కారణమైతే ఇది రెండో కారణం.

తెలుగు ఇళ్లకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు. పల్లీ పట్టీలో, వేరుశనగ ఉండల్లో బెల్లం పాకం ముదిరినప్పుడు వచ్చే చిరుచేదు, వేయించిన పల్లీ కమ్మదనం కలిసే తీరు కూడా ఇదే. తమిళనాడులోని కోవిల్‌పట్టి పల్లీ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

చక్కెర చేసే పనులు

చక్కెర అంటే తీపి మాత్రమే అనుకోవడం దగ్గరే చాలా గందరగోళం మొదలవుతుంది. బార్‌లో అది కనీసం నాలుగు పనులు చేస్తుంది. తీపినిస్తుంది. ముక్కకు బరువు, పరిమాణం ఇస్తుంది. పాకంగా మారి పల్లీలను ఒకదానికొకటి అంటిస్తుంది. నీటిని తన దగ్గర పట్టి ఉంచి, బూజు పట్టకుండా కాపాడుతుంది. చక్కెరను తీసేస్తే ఈ నాలుగు పనులకూ వేరే దిక్కు చూడాలి. ఒక్క పదార్థం నాలుగూ చేయలేకపోతే రెండో మూడో కలపాల్సి వస్తుంది. ‘సహజం’ అని చెప్పుకునే బార్ల పదార్థాల జాబితా కూడా కొన్నిసార్లు పొడవుగా ఉండటానికి కారణం ఇదే.

ఖర్జూరం ఈ పనులు బాగా చేస్తుంది. మెత్తగా నూరితే జిగురుగా మారి పల్లీలను పట్టుకుంటుంది, తేమను నిలుపుతుంది, కొంత పీచు ఇస్తుంది. అయితే ఎండు ఖర్జూరం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరలే. బ్రిటన్ ప్రజారోగ్య విభాగం ఈ విషయంలో ఒక సూక్ష్మమైన గీత గీసింది. పండునో ఎండు పండునో అలాగే తింటే అందులోని చక్కెరను ‘విడి చక్కెర’గా లెక్కించరు. అదే పండును గుజ్జుగా నూరి వేరే తిండిలో కలిపితే లెక్కిస్తారు. కణాల గోడలు చితికిపోయాక ఆ చక్కెర నోటికీ పేగులకూ త్వరగా అందుతుందన్నది దాని వెనక ఉన్న ఆలోచన. తేనె, సిరప్‌లు, పండ్ల రసాల గాఢ ద్రావణాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇంకా సూటిగా ఉంది. అవన్నీ విడి చక్కెరలే. రోజువారీ శక్తిలో వాటి వాటా 10 శాతం దాటకూడదని, వీలైతే 5 శాతానికి తగ్గించుకోవాలని ఆ సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2,000 కేలరీలు తీసుకునే మనిషికి 10 శాతం అంటే సుమారు 50 గ్రాములు.

బెల్లం గురించి మన దగ్గర గౌరవం ఎక్కువ. ఆ గౌరవం రుచి విషయంలో పూర్తిగా న్యాయమైనదే. చెరకు రసాన్ని కాచినప్పుడు మిగిలే ఖనిజాలు, మాడు వాసన తెల్ల చక్కెరకు లేని లోతును ఇస్తాయి. పోషణ దగ్గరికి వస్తే లెక్క వేరు. వంద గ్రాముల బెల్లంలో ఐదు మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉందనుకున్నా, ఒక పల్లీ పట్టీలో ఉండే 12 గ్రాముల బెల్లం నుంచి వచ్చేది అర మిల్లీగ్రాముకు కాస్త పైన. వయోజన మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాలు చెబుతున్నాయి. ఇనుము కోసం బెల్లం చాక్లెట్ తినడం, ఆ లెక్కన, చాలా చక్కెర తిని కొంచెం ఇనుము సంపాదించడమే.

చక్కెర బదులు వచ్చేవాటిలో రెండో జాతి పాలియోల్స్, అంటే చక్కెర ఆల్కహాల్స్ అని కూడా పిలిచే తీపి పదార్థాలు. చక్కెర లేని చాక్లెట్లలో తరచుగా కనిపించేది మాల్టిటాల్. తీపిలో చక్కెరకు దాదాపు 90 శాతం సరితూగుతుంది, బరువూ ఇస్తుంది, చాక్లెట్‌లో చక్కగా కలిసిపోతుంది. శక్తి గ్రాముకు రెండు కేలరీలకు కొంచెం పైన. అంటే చక్కెరలో సగానికి మించి మిగిలే ఉంది, రక్తంలో గ్లూకోజును అది కొంతవరకు పెంచుతుంది కూడా. ‘చక్కెర లేదు’ అన్న మాటను ‘గ్లూకోజు పెరగదు’ అని అర్థం చేసుకునే మధుమేహులకు ఈ తేడా చాలా ముఖ్యమైనది. పేగుల్లో పూర్తిగా ఇంకకుండా మిగిలిన భాగం కింది పేగులోని సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఉబ్బరం, విరేచనాలు అందుకే. పాలియోల్స్ ఎక్కువ మోతాదులో ఉన్న ప్యాకెట్ల మీద ఈ హెచ్చరిక రాయాలన్న నిబంధన ఉంది. అది సాధారణంగా వెనక వైపు చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది.

ఇదే జాతికి చెందిన ఎరిత్రిటాల్ శక్తి దాదాపు సున్నా. కానీ అది నోట్లో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, అందుకే నాలుక మీద చల్లగా తగులుతుంది. పుదీనా మిఠాయిలో ఆ చల్లదనం బాగుంటుంది. చాక్లెట్‌లో పొసగదు. 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించిందని ప్రకటించారు. ఇది సంబంధాన్ని చూపిందే తప్ప కారణాన్ని రుజువు చేయలేదు. శరీరం స్వయంగా కూడా ఎరిత్రిటాల్‌ను తయారుచేస్తుంది కాబట్టి ఆ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. స్టీవియా మొక్క ఆకుల నుంచి తీసే తీపిని భారత్‌లో 2015లో అనుమతించారు. అది చక్కెర కన్నా కొన్ని వందల రెట్లు తియ్యన, కాబట్టి వేసేది చిటికెడే. బరువు, జిగురు అది ఇవ్వలేదు. ఆ ఖాళీని చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్ పీచుతోనో, పాలియోల్స్‌తోనో నింపుతారు. ‘పీచు పుష్కలం’ అన్న ముద్ర చాలాసార్లు ఇలా వస్తుంది. అలవాటు లేనివారికి ఇన్యులిన్ ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో గాలి చేరుతుంది. చక్కెర బదులు వాడే తీపి పదార్థాలను బరువు తగ్గే మార్గంగా నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. అప్పటికే మధుమేహం ఉన్నవారిని ఆ సూచన నుంచి మినహాయించింది. పాలియోల్స్ కూడా దాని పరిధిలోకి రావు.

‘ప్రొటీన్ అధికం’: సులువుగా దాటగల గీత

వంద గ్రాముల పచ్చి పల్లీల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్, 49 గ్రాముల కొవ్వు, 8 గ్రాములకు పైగా పీచు ఉంటాయి. శక్తి 567 కేలరీలు. మన నిబంధనల ప్రకారం ఘనాహారం మీద ‘ప్రొటీన్ అధికం’ అని రాయాలంటే వంద గ్రాముల్లో రోజువారీ అవసరంలో 20 శాతం ఉండాలి. వయోజన పురుషుడికి రోజుకు 54 గ్రాములన్న లెక్క తీసుకుంటే అది సుమారు 11 గ్రాములు. సగం బరువు పల్లీలున్న ఏ బార్ అయినా మరేమీ కలపకుండానే ఈ గీత దాటుతుంది. మన వీధి చివర దుకాణంలో సీసాలో పెట్టి అమ్మే పల్లీ పట్టీ కూడా దాటుతుంది. దాని మీద ముద్ర లేదంతే.

లెక్క వంద గ్రాములకు, తినేది ముప్పై గ్రాములు. ఆ ముప్పై గ్రాముల్లో వచ్చేది నాలుగు గ్రాముల ప్రొటీన్ మాత్రమే. పైగా పల్లీ ప్రొటీన్‌లో లైసిన్, మెథియోనిన్ వంటి అమైనో ఆమ్లాలు తక్కువ. అన్నం, పప్పు, పెరుగు తినే ఇంట్లో అవి వేరే చోట నుంచి సమకూరుతాయి, దాని గురించి దిగులు పడాల్సిన పని లేదు. బార్‌నే భోజనంగా మార్చుకునేవారికి మాత్రం అది లోటే.

ఇంకా ఎక్కువ అంకె చూపించడానికి పాల విరుగుడు నుంచి తీసిన వే ప్రొటీన్‌నో, సోయా ప్రొటీన్‌నో కలుపుతారు. దీన్ని పట్టుకోవడం నాలుకకు తేలిక. వే ప్రొటీన్ ఉన్న ముక్క నోటిలోని తడిని పీల్చేసి వగరుగా, పిండిలా తగులుతుంది. నిల్వ ఉన్న కొద్దీ ఈ బార్లు గట్టిపడతాయి కూడా. తేమ మెల్లగా ఒక పదార్థం నుంచి ఇంకొకదానికి జరుగుతుంది, ప్రొటీన్ అణువులు ఒకదానికొకటి దగ్గరగా చేరి బిగుసుకుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించి 2024 మేలో విడుదలైన ఆహార మార్గదర్శకాలు ప్రొటీన్ పొడులకు దూరంగా ఉండమని సాధారణ ప్రజలకు స్పష్టంగానే చెప్పాయి.

చాక్లెట్ ఎంత, చాక్లెట్ లాంటిది ఎంత?

కోకో కొవ్వు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మనిషి నోటి వేడి అంతకన్నా కొద్దిగా ఎక్కువ. మంచి చాక్లెట్ చేతిలో నిలిచి, నోట్లో ఇట్టే కరగడానికి ఈ కొద్దిపాటి తేడాయే కారణం. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటినప్పుడు అదే గుణం శాపమవుతుంది. శీతల గది లేని దుకాణంలో అసలు చాక్లెట్ నిలవదు. అందుకని చాలామంది తయారీదారులు కోకో కొవ్వు తీసేసి, కోకో పొడిలో పామ్ కెర్నెల్ వంటి గట్టి నూనెలు కలిపిన ‘కాంపౌండ్’ పూత వాడతారు. వేడికి ఓర్చుకుంటుంది, ధర తక్కువ. కోకో కొవ్వులా ఒక్కసారిగా కరగక నోటి పైభాగానికి మైనంలా అంటుకునే పూతలు వీటిలో చాలా ఉంటాయి. భారత్‌లో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో పారిశ్రామిక ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతానికి మించకూడదన్న నియమం వచ్చింది, ఆ ప్రమాదం తగ్గింది. సంతృప్త కొవ్వు మాత్రం అలాగే ఉంది.

కోకో ధర ఈ ధోరణిని ఇంకా పెంచింది. ఘనా, ఐవరీ కోస్ట్‌లలో పంట దెబ్బతినడంతో 2024 డిసెంబర్‌లో న్యూయార్క్ మార్కెట్‌లో టన్ను కోకో 12,000 డాలర్లు దాటింది. తర్వాత దిగివచ్చినా, ఆ దెబ్బకు మార్చిన తయారీ సూత్రాలు అంత తొందరగా వెనక్కి రావు. బ్రిటన్‌లో పెంగ్విన్, క్లబ్ బిస్కెట్లను 2025లో ‘చాక్లెట్ రుచి’ బిస్కెట్లని పిలవాల్సి వచ్చింది. కోకో శాతం తగ్గడంతో వాటికి చాక్లెట్ అన్న పేరు పెట్టుకునే అర్హత పోయింది.

తెలుగువారికి ఇందులో మరో వైపు కూడా ఉంది. దేశంలో కోకో ఎక్కువగా పండే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ ప్రాంతాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా దాన్ని వేస్తారు. చాలాకాలం ఆ గింజలు పేరు లేకుండా పెద్ద కంపెనీలకు వెళ్లిపోయాయి. 2023లో హైదరాబాద్‌లో మొదలైన ‘మనం చాక్లెట్’ వంటి సంస్థలు గోదావరి గింజను పేరు పెట్టి అమ్ముతున్నాయి. గింజలను కాయలోంచి తీసి అయిదారు రోజులు పులియబెట్టి, తర్వాత ఎండబెట్టే దశలోనే చాక్లెట్ రుచికి పునాది పడుతుంది. పులియడం సరిగ్గా జరిగితే చేదు, వగరు తగ్గుతాయి, వాటిని కప్పిపుచ్చడానికి చక్కెర అంతగా అవసరపడదు. చక్కెర తగ్గించే పని కర్మాగారంలో కన్నా ముందు తోటలోనే మొదలవుతుందన్నమాట. దీన్ని ప్యాకెట్ మీద ఎవరూ ముద్రగా వేయరు, కానీ ఆరోగ్యం పేరుతో జరుగుతున్న మార్పులన్నిటిలో మెచ్చుకోదగినది ఇదే.

గుండెకు డార్క్ చాక్లెట్ మంచిదన్న మాట కోకోలో సహజంగా ఉండే ఫ్లావనాల్స్ అనే సమ్మేళనాల చుట్టూ తిరుగుతుంది. అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దలతో జరిగిన కాస్మాస్ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ ఇచ్చినా, ప్రధానంగా కొలవాలనుకున్న గుండె జబ్బుల మొత్తం సంఖ్యలో కచ్చితమైన తగ్గుదల కనిపించలేదు. గుండె జబ్బులతో మరణాలు మాత్రం 27 శాతం తగ్గినట్లు తేలింది. అది రెండో వరుస ఫలితం కాబట్టి దాన్ని తుది మాటగా తీసుకోరు. ఆ పరీక్షలో ఇచ్చింది కూడా గుళికలే, చాక్లెట్ కాదు. బార్లలో వాడే కోకో పొడిని నల్లగా, మృదువుగా చేయడానికి క్షారంతో శుద్ధి చేస్తే ఫ్లావనాల్స్‌లో పెద్ద భాగం పోతుంది. ముదురు రంగు చూసి గుండెకు మంచిదనుకుంటే పొరపాటు పడే అవకాశమే ఎక్కువ. ఇంకో జాగ్రత్త: అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2022 చివర్లో 28 డార్క్ చాక్లెట్ బార్లను పరీక్షించింది. వాటిలో 23 రకాలను రోజుకు ఒక ఔన్సు తిన్నా సీసం, కాడ్మియం లోహాల్లో కనీసం ఒకటి ఆ సంస్థ ఎంచుకున్న పరిమితిని మించుతుందని ప్రకటించింది. రోజూ తినే అలవాటుగా, ముఖ్యంగా పిల్లలకూ గర్భిణులకూ, డార్క్ చాక్లెట్‌ను మందులా ఇవ్వడం సరికాదనడానికి ఇది చాలు.

పల్లీ సంగతి

పల్లీ నూనె మామూలు గది వేడిలో ద్రవంగానే ఉంటుంది. చాక్లెట్ పూత కింద పల్లీ ఉన్నప్పుడు ఆ నూనె మెల్లగా పైకి చేరుతుంది. కోకో కొవ్వును మెత్తబరుస్తుంది, పైన బూడిదరంగు పొర తేలుస్తుంది. దాన్ని బూజు అనుకుని పారేసేవారున్నారు. అది పాడైపోయినట్లు కాదు, కొవ్వు స్ఫటికాలు మారినట్లు. పీనట్ బటర్‌లో నూనె పైకి తేలకుండా మామూలుగా కొద్దిగా హైడ్రోజనీకరించిన కొవ్వు కలుపుతారు. అది లేని సీసాలో పైన నూనె తేలి ఉండటమే స్వచ్ఛతకు గుర్తు.

ఇదే నూనె గాలి తగిలి చెడితే నిలవ నూనె వాసన వస్తుంది. చాక్లెట్ ఘాటు ఆ వాసనను కొంత కప్పేస్తుంది కాబట్టి పల్లీని విడిగా తీసి నమిలి చూడటం మంచిది. ఈ చిక్కుకు పరిష్కారం విత్తనంలోనే ఉంది. జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంచాలక కార్యాలయం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి రూపొందించిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల్లో ఒలీయిక్ ఆమ్లం సుమారు 80 శాతం ఉంటుంది. మామూలు రకాల్లో అది 40, 50 శాతమే. ఒలీయిక్ ఎక్కువైతే నూనె త్వరగా చెడదు, చిరుతిండి ఎక్కువ కాలం నిలుస్తుంది. అనంతపురం, కదిరి వైపు వర్షాధార రైతుకు ఈ గుణానికి తగిన ధర దక్కితే మార్పు వేగంగా వస్తుంది.

అఫ్లాటాక్సిన్ మాటను దాటేయడానికి వీల్లేదు. ఆస్పర్జిల్లస్ అనే బూజు నుంచి పుట్టే ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటి దాణాలోని వేరుశనగ పిండిని పరిశోధిస్తూ శాస్త్రవేత్తలు దీన్ని కనుగొన్నారు. కోతకు ముందు బెట్ట పడితే, కోశాక కాయ సరిగ్గా ఆరకపోతే ముప్పు పెరుగుతుంది. మామూలు వేయింపు దీన్ని పూర్తిగా పోగొట్టలేదు. ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదుగా ఉన్న పల్లీని మింగకుండా ఉమ్మేయాలన్న పెద్దల అలవాటుకు శాస్త్రం పూర్తిగా మద్దతిస్తోంది. నూరి పేస్టుగా మార్చిన పల్లీలో ఇలా ఏరుకునే అవకాశం తినేవారికి ఉండదు. కాబట్టి పీనట్ బటర్ విషయంలో బాధ్యతంతా తయారీదారు పరీక్షల మీదే ఉంటుంది.

పల్లీని గుళ్లుగా తినడానికీ నూరి తినడానికీ మరో తేడా ఉంది. గుళ్లుగా తింటే కొంత కొవ్వు కణాల్లోనే చిక్కుకుని జీర్ణం కాకుండా బయటికి పోతుందని 1980 నాటి ఒక అమెరికా అధ్యయనం చూపింది. పీనట్ బటర్ తిన్నప్పుడు అలా పోయేది చాలా తక్కువ. ప్యాకెట్ మీది కేలరీల లెక్క ఈ తేడాను చూపించదు.

పల్లీ పట్టీ పక్కన పెట్టి చూస్తే

ముప్పై గ్రాముల చొప్పున మూడింటిని పోల్చవచ్చు. పదార్థాల సగటు విలువలతో వేసిన ఉజ్జాయింపు లెక్క ఇది. 18 గ్రాముల పల్లీలు, 12 గ్రాముల బెల్లం ఉన్న పల్లీ పట్టీలో సుమారు 147 కేలరీలు, నాలుగున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. బెల్లం నుంచి వచ్చే చక్కెర దాదాపు 10 గ్రాములు, పీచు గ్రామున్నర. 12 గ్రాముల పల్లీలు, 10 గ్రాముల ఖర్జూరం, 8 గ్రాముల 70 శాతం డార్క్ చాక్లెట్ ఉన్న బార్‌లో 144 కేలరీలు, నాలుగు గ్రాముల కన్నా కొంచెం తక్కువ ప్రొటీన్, 9 గ్రాముల దాకా చక్కెర, రెండున్నర గ్రాములకు పైగా పీచు వస్తాయి. ఉత్త వేయించిన పల్లీలైతే 170 కేలరీలు, ఏడున్నర గ్రాముల ప్రొటీన్, గ్రామున్నర లోపు చక్కెర.

మొదటి రెండింటి మధ్య తేడా పీచులో కొంత, రుచిలో చాలా, ధరలో ఇంకా చాలా. ఖర్జూరం బార్ మోసమని దీని అర్థం కాదు. అది మంచి మిఠాయి. మిఠాయిగా తింటే దాని విలువ దానికి ఉంది. రోజూ తినదగిన పౌష్టికాహారంగా భావించి రెండు మూడు తింటేనే లెక్క తప్పుతుంది.

రుచి చూసి కనిపెట్టడం

రెండు మూడు రకాలను పోల్చేటప్పుడు తీపి తక్కువ ఉన్నదానితో మొదలుపెట్టాలి. తీపి ఎక్కువున్నది ముందు తింటే తర్వాతిది అన్యాయంగా చప్పగా అనిపిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కాకుండా గది వేడికి వచ్చాక, మధ్యలో మంచినీళ్లు తాగుతూ చూడాలి. అసలు చాక్లెట్ విరిచినప్పుడు టక్కున శబ్దం వస్తుంది, నమలకుండా నాలుక మీద ఉంచితే జారి కరుగుతుంది. చల్లగా తగిలితే ఎరిత్రిటాల్‌నూ, మింగాక చాలాసేపు అతిమధురం వేరులాంటి తీపి, చేదు మిగిలితే స్టీవియానూ అనుమానించవచ్చు. నోరు ఎండిపోయినట్లుంటే ప్రొటీన్ పొడి. పళ్లకు అంటుకుని సాగితే ఖర్జూరమో సిరపో. ఈ గుర్తులను వెనక ఉన్న పదార్థాల జాబితాతో సరిచూసుకుంటే, రెండు మూడు సార్లకే నాలుకకు ఆ విద్య పట్టుబడుతుంది. జాబితాలో పదార్థాలు బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ దాని వరుసలో రాయాలన్నది చట్టం. పల్లీ బార్ అని పేరున్నా పల్లీ మూడో స్థానంలో ఉంటే, మొదటి రెండు ఏమిటో చూడాలి. వేర్వేరు పేర్లతో సిరప్, తేనె, చెరకు రసం పొడి విడివిడిగా కింద కనిపిస్తే, వాటిని కలిపితే జాబితాలో పైకి వచ్చేవేమో ఆలోచించాలి.

పల్లీ అలెర్జీ ఉన్నవారు రుచి మీద ఏమాత్రం ఆధారపడకూడదు. కొద్దిపాటి పల్లీ పొడి కూడా వారికి ప్రాణాంతకం కావచ్చు. పల్లీ లేని చాక్లెట్‌ను సైతం అదే యంత్రాల మీద తయారుచేసి ఉండవచ్చు కాబట్టి అలెర్జీ హెచ్చరికను ప్రతిసారీ చదవాలి.

నిబంధనలు ఎటు వెళ్తున్నాయి?

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2018 ప్రకటనల నిబంధనల ప్రకారం ‘చక్కెర రహితం’ అంటే వంద గ్రాముల్లో అర గ్రాముకు మించకూడదు, ‘చక్కెర తక్కువ’ అంటే ఐదు గ్రాములకు మించకూడదు. ‘చక్కెర కలపలేదు’ అనడానికి చక్కెర వేయకపోవడం ఒక్కటే సరిపోదు, చక్కెర బదులుగా పనిచేసే చక్కెర పదార్థాలనూ వేయకూడదు. ఖర్జూరం గుజ్జు ఆ గీతకు ఇవతలిదా, అవతలిదా అన్నచోటే నేటి బార్లలో చాలావాటి భవితవ్యం వేలాడుతోంది. 2020 లేబుల్ నిబంధనలు మొత్తం చక్కెరలనూ, కలిపిన చక్కెరలనూ విడివిడిగా చూపమంటాయి. పాఠకుడికి ఉపయోగపడే అంకె మొదటిదే. మధుమేహికి ఖర్జూరం చక్కెరా చక్కెరే.

ప్యాకెట్ ముందు వైపు ఏం రాయాలన్నది ఇంకా తేలని వివాదం. 2022 ముసాయిదాలో నక్షత్రాల రేటింగ్ ప్రతిపాదించారు. శక్తి, సంతృప్త కొవ్వు, చక్కెర, సోడియం ఎక్కువైతే మార్కులు తగ్గుతాయి. పీచు, ప్రొటీన్, గింజలు, పప్పులు, చిరుధాన్యాలు ఉంటే పెరుగుతాయి. పల్లీ చాక్లెట్‌కు ఈ పద్ధతి బాగా కలిసొస్తుంది, పల్లీ తెచ్చే మార్కులతో చక్కెర పోగొట్టే మార్కులను పూడ్చుకోవచ్చు. 2016 నుంచి చిలీలో అమలవుతున్న నల్లని అష్టభుజి హెచ్చరికల్లో ఆ వెసులుబాటు లేదు. చక్కెర హద్దు దాటితే ప్రొటీన్ ఎంతున్నా ముద్ర పడుతుంది. ఆ పద్ధతిలో పల్లీ పట్టీకి, ఖర్జూరం బార్‌కు, మామూలు చాక్లెట్‌కు పడే ముద్రల మధ్య తేడా తగ్గిపోవచ్చు. ఉత్త పల్లీకి మినహాయింపు ఉంటే తప్ప శక్తి సాంద్రత వల్ల దానికీ చిక్కు రావచ్చు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ నిబంధనలను మూడు నెలల్లో ఖరారు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది.

నక్షత్రాల పద్ధతే ఖాయమైతే బార్లలో పీచు పొడులు, ప్రొటీన్ పొడులు మరింత చేరడం, మార్కుల కోసం రుచి వెనక్కి తగ్గడం ఊహించదగినదే. హెచ్చరిక ముద్రలు వస్తే తయారీదారులు చక్కెరను నిజంగా తగ్గించాల్సి వస్తుంది. అప్పుడు బాగా పులిసిన కోకోకూ, చెడని నూనె ఉన్న పల్లీకీ, అంటే గోదావరి తోటల్లోనూ రాయలసీమ చేలల్లోనూ జరిగే పనికి, మార్కెట్లో గిరాకీ పెరిగే అవకాశం ఉంది.